తూకం రోజు

"మొహం చూడకు" అన్నాడు ఎమిల్ తాత.
"మొహం చూసి పందిని కొన్నవాడు
ఆగస్టులో ఏడుస్తాడు. కాళ్ళు చూడు."

ఏప్రిల్ మొదటి వారం.
నెబ్రాస్కాలో గాడి పక్కన ఇంకా మురికి మంచు.
హార్లన్ నొవోట్నీ కొట్టంలో
కొత్త గడ్డి వాసన, పాత ఉచ్చ వాసన,
పదకొండు పిల్లలు ఒకదాని మీదొకటి
తడిసిన బస్తాల్లా పడి నిద్ర.
హార్లన్ రేకు డబ్బా తట్టాడు.
అన్నీ ఒక్కసారి లేచాయి, ఒక్కటి తప్ప.
అది ముందు ఒళ్ళు విరుచుకుంది.
ఆ తర్వాత, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషిలా
తాపీగా, తిన్నగా నడిచింది.

నల్లటి ఒళ్ళు, భుజాల మీదుగా తెల్లటి పట్టీ.
ముందు కాళ్ళు వేసిన చోటే
వెనక కాళ్ళు పడుతున్నాయి.
తాత వంగి చూశాడు, ఏమీ అనలేదు.
తాత ఏమీ అనలేదంటే బాగుందని.

కుడి చెవి గాట్లు ఏ ఈతదో చెబుతాయి,
ఎడమ చెవి గాట్లు ఆ ఈతలో ఎన్నోదో.
పద్నాలుగు. ఆరు.
అమ్మబోయేదానికి పేరు పెట్టకూడదని
మా క్లబ్బులో పెద్దపిల్లల మాట.
నేను పెట్టలేదు. ఆరు అని పిలిచాను, అంతే.
అంకెను పేరనరు కదా.

లెక్కల పుస్తకం ఇచ్చారు, ఆకుపచ్చ అట్ట.
కొన్న ధర. దాణా బస్తాలు. నులిపురుగుల మందు.
రోజుకెంత తిన్నది, వారానికెంత పెరిగింది.
సాయంత్రాలు రోడ్డు వెంట అర మైలు నడక.
చేతిలో సన్నటి బెత్తం, కొట్టడానికి కాదు:
దవడ కింద తాకితే తల ఎత్తాలి,
చెంప మీద తాకితే తిరగాలి.
జూన్ దాకా అదే నన్ను నడిపించింది,
ఒకసారి పక్కవాళ్ళ మొక్కజొన్నలోకి,
ఒకసారి చర్చి మెట్ల దాకా,
అదీ ఆదివారం.

కడుపు గీకితే కాళ్ళు మడుచుకుని
ధబ్బున పక్కకి ఒరిగిపోయేది.
దానికి పుస్తకంలో గడి లేదు.

జూలైలో ఎవరో చెప్పారు:
రెండు వందల ముప్ఫై పౌండ్లు తూగని పంది
వేలానికి పోదు,
ఇంటికి పోతుంది.

మర్నాడు దాణా గిన్నె సగమే ముంచాను.
ఆ మర్నాడూ.
పుస్తకంలో మాత్రం నిండు గిన్నె అని రాశాను.
నా అక్షరాలు నాకే పరాయిగా,
మరీ గుండ్రంగా కనిపించాయి.

మూడో రోజు పొద్దున ఆరు
ముట్టెతో తొట్టిని గోడకేసి కొట్టింది.
ఖాళీ రేకు మోత వంటింటి దాకా వచ్చింది.
తాత కాఫీ కప్పు దింపాడు.
"దానికి నీ ఆలోచన తెలీదే ట్రూడీ,
ఆకలి తెలుసు."
అంతే. మళ్ళీ కప్పు ఎత్తాడు.

నిండా ముంచాను, ఇంకో గుప్పెడు పైన.
అది తింటుంటే ఎడమ చెవి గాట్లు
వేలితో తడుముతూ నిలబడ్డాను.
పుస్తకంలో ఆ రెండు రోజులూ కొట్టేసి
సగం, సగం అని రాశాను.

ఆగస్టులో తూకం పలికింది:
రెండు వందల ముప్ఫై నాలుగు.

రింగులో రంపపు పొట్టు, ఫ్యాన్ల హోరు.
జడ్జి మోకాలి మీద కూర్చుని చూశాడు.
మూడో స్థానం.
"నడక చాలా బాగుంది" అన్నాడు,
"కాస్త కండ తక్కువైంది" అన్నాడు.
ఆ కాస్త ఎంతో నాకు తెలుసు.

ట్రాక్టర్ల షాపువాళ్ళు కొన్నారు. చేయి కలిపారు.
రాత్రి లారీ వెనక్కి వచ్చి ఆగింది.
మిగతావన్నీ తోసుకుంటూ, అరుచుకుంటూ ఎక్కాయి.
ఆరు చివర్న లేచింది.
ఒళ్ళు విరుచుకుంది.
తల ఎత్తి, తిన్నగా, తాపీగా
పలక మీదుగా పైకి నడిచింది,
నేను నేర్పినట్టే.
బెత్తం తాకించనక్కర్లేకపోయింది.

లాభం నలభై ఒక్క డాలర్లు.
ఆఖరి పేజీలో "ఏం నేర్చుకున్నావు?" అని అడిగి
రెండు గీతలు ఇచ్చారు.
మొదటిది ఖాళీగా వదిలేశాను.
రెండోదాని మీద రాశాను:
కాళ్ళు చూడాలి.